ఆవిడతో కొండదారిలో సైకిలు: కాళ్లు నొప్పెట్టకుండా ధైర్యం పెంచుకునే 18 చిట్కాలు

పెళ్లయినవాడికి సైకిలు మీద కొండెక్కే ధైర్యం కాళ్లలోంచి రాదు, నోట్లోంచి వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక మన విశాఖపట్నంలో ఎందరో భర్తలు ఆదివారం తెల్లవారకముందే లేచి, బీచ్ రోడ్డులో ఆవిడ వెనకాల రొప్పుకుంటూ వెళ్లి, రుషికొండ ఎత్తు మీద పరువు పోగొట్టుకుని ఇంటికొస్తున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. వాళ్లకి కావాల్సింది సాధన కాదు. నాలుగు గట్టి సాకులు, కాస్త చేతివాటం, దారిలో ఒక టిఫిన్ సెంటరు ఉంటే చాలు.

ధైర్యానికి కొలత ఒక్కటే: ఆవిడ సైకిలుకీ మీ సైకిలుకీ మధ్య ఎంత దూరం ఉంది? పక్కపక్కన తొక్కుతున్నంతసేపూ మీ రొప్పు ఆవిడకి వినబడుతుంది. వంద మీటర్లు ఎడమైతే వినబడదు. ఆవిడ మలుపు తిరిగిపోతే మీరు తొక్కుతున్నారో, నెట్టుకొస్తున్నారో, జీడిమామిడి చెట్టు కింద కూర్చున్నారో తెలిసే దారే ఉండదు. ఇక మీకు భయమెందుకు? కింది చిట్కాలన్నీ ఆ దూరం పెంచడానికే. వరసగా పాటించండి. మధ్యలో ఎక్కడైనా కాళ్లకి బలం వస్తున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపేసి, మళ్లీ మొదటి చిట్కా నుంచి మొదలుపెట్టండి.

బయల్దేరే ముందు

1. ఆవిడకి తేలికైనది, మీకు బరువైనది కొనండి. ఆవిడకి సన్నటి టైర్ల హైబ్రిడ్ సైకిలు కొనిపెట్టండి. ఖర్చుకి వెనకాడకండి. మీకు మాత్రం రెండంగుళాల పైన లావుండే గరుకు టైర్లూ, ముందు షాకబ్జార్బర్లూ ఉన్న మౌంటెన్ బైక్ తీసుకోండి. ఆ టైర్ల బుడిపెలు తారురోడ్డు మీద బరబరా ఈడుస్తాయి. సీటు మీంచి లేచి తొక్కితే మీ బలంలో కొంత షాకబ్జార్బర్లు కిందికీ పైకీ ఊగడానికే పోతుంది. షాపువాడు "మీరు తిరిగేది రోడ్డు మీదేగా సార్, ఇదెందుకు?" అంటాడు. వినకండి. పైకి చూస్తే మీరు త్యాగం చేసినట్టుంటుంది. లోపల సాకు ఫ్యాక్టరీ నుంచే బిగించి వస్తుంది.

2. సీటు బాగా దించండి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు పెట్టుకోవాలని తెలిసినవాళ్లు చెబుతారు. అలా పెడితే తొడల బలమంతా పెడలుకి చేరి కొండ ఎక్కేస్తారు. ఎక్కేస్తే వచ్చేవారం ఇంకా పెద్ద కొండకి తీసుకెళ్తారు. అందుకని రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేదాకా సీటు దించేయండి. ఎందుకని అడిగితే "పడకుండా" అనండి. తొక్కుతుంటే మోకాళ్లు పొట్టకి తగులుతాయి, కొంతసేపటికి మోకాలిచిప్ప ముందుభాగం సలపడం మొదలవుతుంది. నటించక్కర్లేని నొప్పి ఇది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా మాట నిలబడుతుంది.

3. సామానంతా ఆవిడ సంచిలో సర్దండి. పంపు, పంక్చర్ కిట్టు, అదనపు ట్యూబు, తాళం, నీళ్ల సీసాలు, అరటిపళ్లు అన్నీ ఆవిడకే. ఎత్తులో ప్రతి కిలో బరువూ కాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఆ బరువు మీ దగ్గర ఉండకూడదు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. మీ టైరులో గాలి పోతే, లేదా మీరే వాల్వు నొక్కి కాస్త గాలి వదిలితే, సరిచేసుకునే సామాను రెండు కిలోమీటర్ల ముందు ఉంటుంది. "కిట్టు నీ దగ్గరుండిపోయింది, ఏం చేయను?" అన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

4. మీ ఫోను కూడా ఆవిడకే ఇవ్వండి. ఇది అన్నిటికంటే గొప్ప చిట్కా. జాగ్రత్తగా చదవండి. బయల్దేరే ముందు మీ ఫోనులో సైకిలు ప్రయాణాన్ని నమోదుచేసే స్ట్రావా యాప్ ఆన్ చేసి, "జేబులో ఉంటే తొడకి ఒత్తుకుంటోంది, నీ సంచిలో వేసుకో" అని ఆవిడకివ్వండి. ఆవిడ తొట్లకొండ ఎక్కితే మీరూ ఎక్కినట్టే. ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కారు, ఎంత వేగంతో ఎక్కారు, ఎక్కడా ఆగకుండా ఎలా ఎక్కారు, అన్నీ మీ పేరు మీద పడతాయి. మీ తోడల్లుడు రాత్రి లైక్ కొడతాడు. ఫోను దగ్గర లేదు కాబట్టి ఆవిడ "ఎక్కడున్నారు?" అని ఫోన్ చేసే ఇబ్బంది కూడా తప్పుతుంది. దారిలో టిఫినుకి యూపీఐ పనిచేయదు కనుక చిల్లరనోట్లు సాక్సులో పెట్టుకోండి.

5. ఎర్రచుక్కల జెర్సీ తొడుక్కోండి. టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో కొండల మీద అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడికి తెల్లటి గుడ్డ మీద ఎర్రచుక్కలున్న జెర్సీ ఇస్తారు. 1975 నుంచి నడుస్తున్న ఆచారం. అక్కడ దాన్ని పర్వతాలు ఎక్కి సంపాదించాలి, ఇక్కడ ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. తొడుక్కుని ఇంటి గేటు దగ్గరే ఫొటో దిగండి. చెమట పట్టకముందు దిగిన ఫొటోలోనే మనిషి అందంగా ఉంటాడు.

దారిలో

6. గేర్ల జోలికి పోకండి. మామూలు గేర్ల సైకిలుకి ముందు మూడు, వెనక ఏడు పళ్లచక్రాలుంటాయి. చైను ముందు చిన్నదాని మీద, వెనక పెద్దదాని మీద ఉంటే పెడలు తేలిగ్గా తిరుగుతుంది, ముసలివాళ్లు కూడా ఎత్తు ఎక్కేస్తారు. కాబట్టి మీరు ముందు పెద్దదీ వెనక చిన్నదీ వేసి వదిలేయండి. ఎత్తు మొదలైన నిమిషంలో కాళ్లు బిగుసుకుపోతాయి. ఎత్తు రాకముందే గేరు మార్చుకోవాలని ఆవిడ చెబుతుంది. మీరు సరిగ్గా ఎత్తు మధ్యలో, బలమంతా పెట్టి తొక్కుతూ ఠక్కున మార్చండి. చైను పడిపోతుంది. ఆగడానికి మీరు కారణం కారు, సైకిలే కారణం. ఆడలేక మద్దెల ఓడు అని పెద్దలు ఊరికే అనలేదు. మద్దెల ఎంత పనికొస్తుందో అనుభవంతో చెప్పారు.

7. గ్రీజు డబ్బీ వెంట ఉంచుకోండి. చైను పడకపోయినా పడిందని చెప్పాల్సిన రోజులుంటాయి. వాటి కోసం చిన్న డబ్బీలో పాత నల్లగ్రీజు తీసుకెళ్లండి. కొబ్బరినూనె కలిపితే చక్కగా పూసుకోవచ్చు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ గట్టిగా, మిగతా వేళ్లకి మచ్చలు మచ్చలుగా రాయండి. నుదుటి మీద చెమట తుడుచుకున్నట్టు ఒక గీత గీయండి. పిక్క మీద పళ్ల గుర్తులు పడేలా నాలుగు చుక్కలు పెట్టండి. అది కుడి పిక్కే కావాలి. చైను సైకిలుకి కుడివైపే ఉంటుంది, ఎడమ పిక్కకి రాస్తే దొరికిపోతారు. చాలామంది ఇక్కడే తొందరపడి పాడుచేసుకుంటారు.

8. గాలి లెక్క తెలుసుకోండి. ఎండాకాలం మధ్య నుంచీ మన తీరంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే వీపు మీద చెయ్యేసి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. వెళ్లేటప్పుడు చదునులో మీరే ముందుండండి. చేతులు వదిలి నీళ్లు తాగండి. "ఈమధ్య బాగా ఫామ్‌లో ఉన్నాను" అనండి. వచ్చేటప్పుడు ఆవిడ వెనక్కి చేరి, ముందు చక్రం ఆవిడ వెనక చక్రానికి దగ్గరగా పెట్టుకోండి. చదునులో ముందువాళ్ల చాటున తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. ఎత్తు రాగానే మాత్రం విడిపోండి. ఎత్తులో వేగం తక్కువ కాబట్టి చాటు ఏమంత పనికిరాదు, పైగా మీ రొప్పు వినబడుతుంది.

9. వెనక ఉండటాన్ని కాపలాగా మార్చండి. "నువ్వు ముందు పద. వెనక వచ్చే బస్సులూ లారీలూ నేను చూసుకుంటా." ఈ ఒక్క మాట నేర్చుకోండి. ఎత్తు రావడానికి పది సెకన్ల ముందు అనాలి. ఎత్తు మొదలయ్యాక అంటే గొంతు వణుకుతుంది, సగం మాట గాలిలో పోతుంది. మొదటిరోజు ఆవిడ నవ్వుతుంది, "అబ్బో" అంటుంది. తర్వాత్తర్వాత అనకముందే వెళ్లిపోతుంది. అది పట్టు చిక్కుతున్న గుర్తు.

10. ఆగకుండా సలహాలు అరవండి. ఆవిడ ధైర్యం పెంచడం కూడా మీ బాధ్యతే. వెనకనుంచి గట్టిగా చెప్పండి: "గేరు మార్చు! మార్చకు! మలుపు అవతలికి చూడు! చక్రం చూసుకో! రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టు! అంత పట్టకు!" ప్రతి మాటా ఆవిడ ఆ పని చేసేసిన తర్వాతే చెప్పండి, అప్పుడు మీ మాట వినే చేసినట్టు ఉంటుంది. పది నిమిషాలు ఇలా చేస్తే ఆవిడ మీ గొంతు వినబడనంత దూరం వెళ్లాలని దంచి తొక్కుతుంది. ఏ కోచ్ దగ్గర చేరినా ఇంత తొందరగా వేగం రాదు.

11. సాకులు స్థలాల వారీగా పంచుకోండి. అన్నీ ఒక్కచోట వాడేస్తే భీమిలికి ముందే అయిపోతాయి. ఈ పట్టీ అద్దం పక్కన అంటించుకోండి.

- ఆర్కే బీచ్: నిద్ర సరిపోలేదు. ముందురోజు రాత్రి మీ అత్తగారు ఫోన్ చేసి ఉంటే నెపం ఆ అత్తగారి మీదే వేయండి.
- కురుసురా జలాంతర్గామి మ్యూజియం: బ్రేకు చక్రానికి రాసుకుంటోంది. దిగి, చక్రం ఎత్తి తిప్పి చూడండి. రాసుకోకపోతే "ఇప్పుడే తగ్గింది" అనండి.
- తెన్నేటి పార్కు: ఫొటో. సముద్రం వెనకాల రావాలి, సూర్యుడు ఇంకాస్త లేవాలి, ఆ కుర్రాళ్లు తప్పుకోవాలి.
- జోడుగుళ్లపాలెం ఎత్తు: చైను. ఏడో చిట్కా చూడండి.
- సాగర్ నగర్: ఆఫీసు నుంచి ఫోను రావచ్చు. ఫోను ఆవిడ దగ్గర ఉందని గుర్తొస్తే వెంటనే చిరాకుపడండి.
- రుషికొండ: టిఫిను. పెసరట్టు ఒక్కటే చెప్పండి, ఉప్మా తర్వాత చెప్పండి, అల్లంచట్నీ మళ్లీ అడగండి. విడివిడిగా చెబితే ముప్పావుగంట దాటుతుంది.
- తొట్లకొండ మలుపు: చరిత్ర. సముద్రమట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున రెండువేల ఏళ్ల నాటి బౌద్ధవిహారం అది. "ఇలాంటి పవిత్రమైన చోటికి సైకిలు మీద బుర్రున వెళ్లకూడదు, నేను నడిచి వస్తాను" అనండి. భిక్షువులకి తొందర ఉండేది కాదు.
- ఎర్రమట్టి దిబ్బలు: ఇక్కడిదాకా వచ్చారంటే మీ సాకులు పనిచేయలేదు. నేరుగా కింద కూర్చోండి.

12. దిగి నెట్టండి, దానికి చరిత్ర చెప్పండి. ఆవిడ వెనక్కి తిరిగి చూసే ప్రమాదం ఉంటే తలదించుకోకండి. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన మొట్టమొదటి రెండుచక్రాల బండికి పెడళ్లే లేవు, కాళ్లతో నేలని తన్నుకుంటూ వెళ్లాల్సిందే. 1910లో టూర్ డి ఫ్రాన్స్‌ని మొదటిసారి పిరనీస్ పెద్ద కొండల మీదికి ఎక్కించినప్పుడు, రెండువేల మీటర్లు దాటిన తూర్మాలే కనుమలో ఆక్టావ్ లాపీజ్ సైకిలు దిగి నెట్టుకుంటూ నడిచాడు. ఆ ఏడాది టూర్ గెలిచింది ఆయనే. ఆ కనుమని దిగకుండా తొక్కిన గుస్తావ్ గారిగూకి వంద ఫ్రాంకులు చేతిలో పెట్టి పంపారు. తొక్కినవాడికి చిల్లర, నెట్టినవాడికి టూర్. ఈ ఉదాహరణ ఆవిడకి చెబితే ఇంకేం అనలేదు.

పెద్ద కొండలకి

13. కైలాసగిరికి సాయంత్రం వెళ్లండి. ఘాట్ రోడ్డు ఆవిడకి వదిలేసి, మీరు కొండ కింద సైకిలు పెట్టి రోప్‌వే ఎక్కండి. తీగ మీద కూర్చుంటే సముద్రమంతా కనబడుతుంది, గాలికి జెర్సీ ఆరుతుంది. పైకి చేరాక మొహం మీద నీళ్లు చల్లుకుని శివపార్వతుల విగ్రహాల ముందు నిలబడి ఆవిడ కోసం చూడండి. సైకిలేదని అడిగితే "అటువైపు పార్కింగ్‌లో పెట్టా, ఎంతసేపని పట్టుకు నిలబడను?" అనండి. ఆవిడ ఆలస్యంగా వచ్చిందన్న సంగతి అందులోనే చేరిపోతుంది.

14. అరకుకి రైలెక్కండి. ఇది పెద్దచదువు లాంటిది. మైదానం నుంచి అరకు కొండల మీదికి చేర్చే అనంతగిరి ఘాట్ రోడ్డులో మలుపులకి లెక్కలేదు. తైడ దాటాక ఎత్తు వదలదు, గాలికొండ వ్యూ పాయింట్ దాకా కాళ్లకి విరామం ఉండదు. ఆ రోడ్డంతా ఆవిడది. మీరు శృంగవరపుకోటలో సైకిలు తెలిసినవాళ్లింట్లో పడేసి కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. యాభైకి పైగా సొరంగాలు, బొర్రా గుహలు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. చెమట చుక్క కారదు. అరకులో దిగి బొంగులో చికెన్ సగం తిని, సగం ఆవిడకి ఉంచండి. ఆవిడ రాగానే, "నా చైను తెగింది. అయినా నిన్నొక్కదాన్నీ వదల్లేక ఎలాగో వచ్చేశా" అనండి. ప్రేమ కనబడుతుంది.

ఇది తప్పేమోనని జంకేవాళ్లకి ఒక మాట. 1904 టూర్ డి ఫ్రాన్స్‌లో పెద్దపెద్దవాళ్ల మీదే రైళ్లెక్కారనీ కార్లెక్కారనీ ఫిర్యాదులొచ్చాయి. మొదట వచ్చిన మోరిస్ గారాతో సహా నలుగుర్నీ తర్వాత తీసేసి, ఐదోవాడైన ఆన్రీ కోర్నేని విజేతని చేశారు. వాళ్ల పొరపాటల్లా జడ్జీలున్నచోట ఆ పని చేయడం. భార్యాభర్తల షికారుకి జడ్జీలుండరు, టిక్కెట్టు కలెక్టరు ఒక్కడే ఉంటాడు. టిక్కెట్టు కొనండి.

15. బ్యాటరీ సైకిలు కొనండి, ఛార్జింగ్ పెట్టకండి. మన దేశంలో 250 వాట్లకి లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్లకి లోపు వేగం ఉన్న ఎలక్ట్రిక్ సైకిలుకి రిజిస్ట్రేషను అక్కర్లేదు. 2016లో బెల్జియంలో సైక్లోక్రాస్ ప్రపంచ పోటీల్లో ఒకరి సైకిలు ఫ్రేములో దాచిన మోటారు బయటపడి ఆరేళ్ల నిషేధం పడింది. అందుకని దాచకండి. బ్యాటరీ మీద తువ్వాలు కప్పి, నీళ్ల సీసా సంచి అనండి. ఆవిడ మలుపు తిరిగాక స్విచ్ నొక్కండి. ముందురాత్రి ఛార్జింగ్ మర్చిపోవడం ముఖ్యం. సగం దారిలో అది ఆగిపోయి, మామూలు సైకిలు కంటే ఎంతో బరువైన ఇనుమై కూర్చుంటుంది. దాన్ని కొండ మీదికి తొక్కమని ఏ ఇల్లాలూ అడగదు.

16. అదీ కుదరకపోతే ఇద్దరి సైకిలు తీసుకోండి. టాండెమ్‌లో ముందు కూర్చున్నవాళ్లు హ్యాండిలూ బ్రేకులూ చూసుకుంటారు. రెండు జతల పెడళ్లనీ చైను కలిపి ఉంచుతుంది కాబట్టి ముందువాళ్లు తొక్కితే వెనకవాళ్ల కాళ్లు వాటంతటవే తిరుగుతాయి. మీరు వెనక కూర్చోండి. పాదాలు పెడళ్ల మీద ఊరికే ఉంచి, "ఊఁ, ఊఁ" అని మూలగండి. "ఇవాళ ఇంత బరువుగా ఉందేంటండీ?" అంటే "ఎత్తు పెరిగింది" అనండి. దూరం పెంచడానికి వీల్లేని సైకిలు ఇదొక్కటే, అందుకే దీన్ని చివరి ఉపాయంగా ఉంచాను.

ఇంటికొచ్చేదాకా, వచ్చాక

17. దిగుడులో కలుసుకోండి. మీరు ఎక్కని కొండ దిగాల్సిన పనిలేదు. కింద నీడలో కూర్చోండి. ఆవిడ దిగి వస్తూ కనబడగానే సైకిలెక్కి, వంద మీటర్లు ముందు తొక్కుతూ ఉండండి. "నేను ఎప్పుడో దిగేశా, నువ్వు భయపడతావని నెమ్మదిగా పోతున్నా" అనండి. హెల్మెట్ తీయకండి, జుట్టు పొడిగా ఉన్నట్టు తెలిసిపోతుంది.

18. మాటల్లో 'మేము' వాడండి. మావగారింట్లో "మేం ఘాట్ ఎక్కేశాం మావయ్యా" అనండి. ఎక్కినవాళ్లు ఎవరని ఎవరూ విడదీసి అడగరు. ఆవిడ నోరు తెరవబోతే "నేను వెనక లేకపోతే మీ అమ్మాయి సగంలో దిగిపోయేది" అని ముందే చెప్పేయండి. ఆవిడ ఒకసారి మీవైపు చూసి, లేచి వంటింట్లోకి వెళ్తుంది. ఒప్పుకుందని అర్థం. ఇంటికొచ్చాక మోకాలికి జండూబామ్ రాసుకుని సోఫాలో కాళ్లు చాపండి. మధ్యాహ్నం భోజనం అక్కడికే వస్తుంది. రాకపోతే ఇంకొంచెం రాయండి.

మధ్యలో వచ్చే ఇబ్బందులు

*ఆవిడ ఎత్తు మీద ఆగి నా కోసం ఎదురుచూస్తోంది.* ఇది మొదట్లో అందరికీ వచ్చే తలనొప్పి. చేరుకోగానే నీళ్లు తాగి, ఆవిడ మళ్లీ సైకిలెక్కే సమయానికి మీరు కూర్చోండి. ప్రతిచోటా ఇలాగే చేయండి. కొన్నాళ్లకి ఆగడం మానేస్తుంది.

*ఓపిగ్గా గేర్లు నేర్పిస్తానంటోంది.* నేర్చుకోకండి. "నాకు తెలుసు" అనండి. ఇంకోసారి చెబితే "నాకు నువ్వు చెప్పేదేంటి?" అనండి. మూడోసారి చెప్పదు.

*చిన్న కొండ నుంచి మొదలుపెడదాం, ప్రతివారం కాస్త కాస్త పెంచుదాం అంటోంది.* ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. అలా చేసి నిజంగా కొండలెక్కినవాళ్లున్నారు. వెంటనే "చిన్నవి నాకెందుకు? ఎక్కితే లంబసింగే ఎక్కుతా" అనండి. లంబసింగి చలికాలం చూసుకుందామని వాయిదా వేయండి. చలికాలంలో చలని చెప్పండి.

*పిల్లలు వస్తామంటున్నారు.* రానివ్వకండి. పిల్లలు వెనక్కి తిరిగి చూస్తారు, చూసింది చెప్పేస్తారు.

*ఆవిడ తన ఫోనూ నా ఫోనూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండిట్లో ఒకటే దారి, ఒకటే వేగం.* "మన జోడీ అంత బాగా కుదిరింది" అనండి. ఆ రోజుకి ఇంకేం మాట్లాడకండి.

విజయం దగ్గరపడిన గుర్తులు

ఈ పద్ధతి నిష్ఠగా పాటిస్తే ఫలితం వరసగా ఇలా కనబడుతుంది. ఒక్కొక్క మెట్టూ దాటినప్పుడు మిమ్మల్ని మీరు అభినందించుకోండి.

మొదట ఆవిడ వెనక్కి తిరిగి చూడటం మానేస్తుంది. తర్వాత మీ ఫోను మీ చేతికి తిరిగి ఇచ్చేస్తుంది, మీ వాటా నీళ్ల సీసా వంటింటి గట్టు మీదే వదిలేస్తుంది. ఆ తర్వాత "వస్తున్నారా?" అని అడగడం పోయి "వెళ్తున్నాను" అని చెప్పడం మొదలవుతుంది. కాలనీలో ఇంకో నలుగురు ఆడవాళ్లు సైకిళ్లు కొంటారు. వాళ్లకి గేర్లు ఆవిడే నేర్పుతుంది. నెమ్మదిగా, ఒక్కసారే, అరవకుండా చెబుతుంది. వాళ్లంతా కలిసి అనంతగిరి ఎక్కి, కాఫీతోటల్లో మిరియాల తీగల పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఆ ఫొటో మీకు మీ తోడల్లుడు పంపిస్తాడు.

ఇక ఆదివారం అలారం ఆవిడ వైపు మాత్రమే మోగుతుంది. మీరు పక్కకి తిరిగి పడుకోవచ్చు. లేచేసరికి ఇంట్లో అలికిడి ఉండదు, టిఫిను ఉండదు, మిమ్మల్ని ఏ కొండకీ రమ్మనేవాళ్లుండరు. ఆవిడ సాయంత్రం వచ్చాక కూడా ఎక్కడికెళ్లిందో, ఏ మలుపులో ఏం చూసిందో మీకు చెప్పదు కాబట్టి వినే శ్రమ కూడా తప్పుతుంది. రెండు సైకిళ్ల మధ్య దూరం మీరు కోరుకున్నదాని కంటే ఎక్కువే పెరిగింది. మీకు కొండ భయం పూర్తిగా పోయింది.

చివరి పని ఒకటే మిగిలింది. బాల్కనీలో మీ సైకిలు మీద ఆరేసిన తువ్వాళ్లు తీసి, టైర్లకి గాలి కొట్టించి, అమ్మకానికి పెట్టండి. పళ్లచక్రాలు అరగలేదు, బ్రేకు ప్యాడ్లు కొత్తవాటిలాగే ఉన్నాయి, మంచి ధర పలుకుతుంది. "ఘాట్ రోడ్ల నిపుణుడు వాడిన సైకిలు" అని రాయండి. ఇంత మంచి సైకిలు ఎందుకు అమ్మేస్తున్నారని కొనేవాడు అడిగితే, ఎక్కాల్సిన కొండలన్నీ అయిపోయాయని చెప్పి, డబ్బు లెక్కపెట్టుకోండి.